వెనక కుర్చీ శాస్త్రం

శాస్త్రం రాయబూనినవాడు ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు నియమం పెట్టారు: విషయమేమిటి, ప్రయోజనమేమిటి, చదవడానికి అధికారి ఎవరు, వీటన్నిటికీ సంబంధమేమిటి. విషయం: ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో ట్రైనింగ్ పెట్టినప్పుడు ముందు వరస కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉంటాయన్నది. ప్రయోజనం: ట్రైనర్లకు కాస్త మనశ్శాంతి. అధికారి: "ముందుకు రండి సార్, ఇక్కడ ఖాళీలున్నాయి" అని మైకులో పిలిచినప్పుడు పక్కవాడి వంక చూసినవాడెవడైనా. సంబంధం పోనుపోను తెలుస్తుంది. తెలియకపోతే మొదటి నుంచి మళ్ళీ చదవాలి. శాస్త్రాల విషయంలో తప్పెప్పుడూ చదివేవాడిదే.

దమ్మాయిగూడను క్షేత్రంగా ఎంచుకోవడానికి కారణముంది. 1967లో ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఈసీఐఎల్, 1971లో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వచ్చాక హైదరాబాద్ తూర్పు వైపు బతుకు షిఫ్టుల చుట్టూ తిరగడం మొదలైంది. చెర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆగిన ఊళ్ళలో దమ్మాయిగూడ ఒకటి. ఏ గల్లీలో చూసినా ఒక ఆపరేటరో, ఫిట్టరో, క్వాలిటీ ఇన్‌స్పెక్టరో ఉంటాడు. అతని ఇంట్లో బీరువా మీద ఏదో ట్రైనింగ్‌లో ఇచ్చిన ఫైలూ స్టీలు బాటిలూ ఉంటాయి. నేర్పేవాళ్ళకూ ఈ వైపు కరువు లేదు. రైల్వే సిగ్నళ్ళవాళ్ళకు పాఠాలు చెప్పే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లో నడుస్తోంది. ప్లాస్టిక్ పరిశ్రమకు మనుషుల్ని తయారుచేసే సీపెట్ చెర్లపల్లిలో ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది గానీ అక్కడి పాఠం మన శాస్త్రానికి కొరుకుడు పడదు. భూమి కొలిచే థియోడలైట్‌కు వెనక బెంచీ ఉండదు మరి. అందులో కన్ను పెట్టేది ఒక్కడే, మిగతావాళ్ళు తమ వంతు కోసం పక్కనే నిలబడాలి.

ఇక ప్రత్యక్ష ప్రమాణం. ఒక కంపెనీ (పేరెందుకు, లక్షణాలు ఏ కంపెనీకైనా సరిపోతాయి) తన మనుషులకు భద్రతా శిక్షణ ఇప్పించడానికి దమ్మాయిగూడలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడింది. ముందు రోజు రాత్రి అక్కడ పెళ్ళి. స్టేజీ మీద థర్మోకోల్ పేర్లు రెండూ పీకేశారు గానీ మధ్యలో 'వెడ్స్' అలాగే ఉంది. దాని కింద, వధూవరుల సోఫాలో, ట్రైనర్ గారూ హెచ్‌ఆర్ మేడమూ కూర్చుని ల్యాప్‌టాప్‌కూ ప్రొజెక్టర్‌కూ పొత్తు కుదర్చడానికి పాట్లు పడుతున్నారు. ఎదురుగా తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు వరసలు కట్టి ఉన్నాయి.

కుర్చీలు నిండే క్రమం చూడాలి. మొదట వచ్చినవాడికి హాలంతా ఖాళీ. రాజులా ఎక్కడైనా కూర్చోవచ్చు. అతను నేరుగా ఆఖరి వరసకు పోయి గోడ పక్క కుర్చీ పట్టాడు. రెండోవాడు అదే వరసలో ఒక కుర్చీ వదిలి కూర్చుని, వదిలిన దాని మీద హెల్మెట్ పెట్టాడు. ఆఖరి వరస నిండాక దాని ముందు వరస, ఆపైన దాని ముందుది. తొమ్మిదిన్నరకు హాలు సగం నిండింది, స్టేజీ వైపు సగం అలాగే ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు వేరే గతి లేక ఆ ఖాళీ సగమే దక్కింది. ట్రైనర్ వాళ్ళ ఆసక్తిని మైకులో మెచ్చుకున్నారు.

వెనక కూర్చునేవాళ్ళందరినీ ఒకే గాట కట్టడం అశాస్త్రీయం. ప్లగ్గుపీఠస్థులని ఒక జాతి ఉంది; వీళ్ళు హాల్లోకి రాగానే ముందు గోడలు చూస్తారు, స్విచ్‌బోర్డు దొరికాకే కుర్చీ చూస్తారు. ద్వారపాలకులు తలుపు పక్కన కూర్చుంటారు, ఫోను వచ్చినా రాకపోయినా చెవి దగ్గర పెట్టుకుని బయటికి పోతారు. జవహర్‌నగర్ డంప్‌యార్డు వైపు నుంచి గాలి తిరిగిన రోజున మాత్రం దమ్మాయిగూడలో తలుపు పక్క పీఠానికి ధర పడిపోతుంది. అందరిలోకీ ఉత్తములు స్తంభాశ్రయులు. హాలు కట్టిన మేస్త్రి బరువు ఆపడానికి వేసిన స్తంభం వీళ్ళకు వరం. ప్రొజెక్టర్ తెరకూ తమ కళ్ళకూ మధ్య సరిగ్గా స్తంభం వచ్చేలా, ట్రైనర్ పక్కకు జరిగితే తామూ అంతే జరిగేలా కూర్చోవడం తేలిక పని కాదు. జ్యామితి రావాలి. ఆ రోజు స్తంభం వెనక కూర్చున్నది నలభై దాటి యాభైకి దగ్గరపడిన ఒక మిస్త్రీ, గ్రైండింగ్ సెక్షన్. ఆయన మళ్ళీ వస్తారు.

పూర్వపక్షం: తెలుగువాడికి వెనక సీటంటే గౌరవమని సినిమా హాలు నేర్పింది, ముందు నేల, వెనక బాల్కనీ, రేటు కూడా అలాగే ఉండేది, ఆ సంస్కారమే ట్రైనింగ్ హాల్లో పనిచేస్తోంది. వినడానికి బాగుంది గానీ నిలవదు. అదే తెలుగువాడు ఈసీఐఎల్ చౌరస్తాలో నాగారం షేర్ ఆటో ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి కూర్చునే సీటు వద్దని డ్రైవర్ పక్కన సగం ఒళ్ళు బయట పెట్టి కూర్చుంటాడు. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తికి ఎంత తొక్కిసలాటో ఈ హాలుకే తెలుసు. వెనక అనేది ఇతని స్వభావమైతే అక్కడా వెనకే ఉండాలి కదా.

రెండో పూర్వపక్షం: పెద్దవాళ్ళకు చదువెక్కదు, అందుకే దూరం పోతారు. దీనికి సమాధానం నెల్లూరు జిల్లా దూబగుంటలో ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు అక్కడి ఆడవాళ్ళు పగలంతా పొలంలో పనిచేసి రాత్రి వాచకం పట్టుకున్నారు. వాచకంలో సారా గురించి పాఠం ఉంది. పాఠం అయ్యాక వాళ్ళు ఇళ్ళకు పోలేదు, సారా దుకాణం మీదికి పోయారు. ఊరూరా అదే పాకి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పెద్దవాళ్ళకు చదువెక్కితే ఏమవుతుందో అప్పటి ఎక్సైజు వాళ్ళకు బాగా తెలుసు. మన ట్రైనర్లకు ఇంకా తెలిసినట్టు లేదు.

బడి అలవాటన్నది మూడో మాట. 1970లో ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు తరగతి గదులను వీడియో తీసి, టీచరుతో మాటామంతీ ఎక్కువగా ముందు వరసలోనూ నడి దారి వెంబడీ కూర్చున్నవాళ్ళతోనే జరుగుతుందని చూపించారు. కానీ వాళ్ళు చూసింది పిల్లల్ని. ఆ లెక్కలు ఫిట్టర్లకు అంటగట్టడం తగదని మాత్రం అని ముందుకు పోతాను.

ఏ శాస్త్రానికైనా మూలపురుషుడు కావాలి. వెతగ్గా మనకు హార్వర్డ్‌లో దొరికాడు, అదీ కాకినాడ మీదుగా. డేవిడ్ మెక్‌క్లీలండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో కాకినాడ వ్యాపారులను జట్లుగా హైదరాబాద్‌కు రప్పించి, ఇప్పుడు ని-ఎంఎస్‌ఎంఈ అని పిలిచే యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థలో (అప్పట్లో దాని పేరు సియెట్) పది రోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. బియ్యం, బట్టలు, చిన్న వర్క్‌షాపులు నడుపుకునే పెద్దమనుషుల చేత ఆడించిన ఆటల్లో ఒకటి రింగుల ఆట. నేల మీద ఒక కర్ర నిలబెడతారు, చేతికి రింగులిస్తారు. ఎంత దూరం నుంచి వేస్తావో నీ ఇష్టం. కొందరు కర్ర పక్కనే నిలబడి తొడిగేస్తారు. కొందరు ఆమడ దూరం పోయి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే దూరం కదా అనొచ్చు. కష్టపడితే పడేంత దూరం ఎంచుకునేవాడే సాధించాలన్న తపన ఉన్నవాడని మెక్‌క్లీలండ్ సిద్ధాంతం. ఆ తర్వాత శిక్షణ పొందినవాళ్ళనూ, పొందని వాళ్ళనూ, పక్కనే ఉన్న రాజమండ్రినీ పోల్చి చూసి, నేర్చుకున్నవాళ్ళు కొత్త పనులు ఎక్కువగా మొదలుపెట్టారని డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం వేశాడు.

రింగుల ఆటకూ కుర్చీలకూ ఎంత పోలికో చూడండి. అక్కడా ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు, ఇక్కడా ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. కాబట్టి స్టేజీకి కుర్చీకి మధ్య దూరం టేపు పెట్టి కొలిస్తే ప్రతి ఉద్యోగి తపన ఎంతో అంగుళాల్లో తేలిపోవాలి. ఇంక్రిమెంట్లు కూడా అలాగే ఇచ్చేయొచ్చు. ఈ సిద్ధాంతాన్ని కొంతకాలం ముద్దుగా పెంచుకున్నాను గానీ అది ఒక్క చోట తెగింది. కాకినాడవాళ్ళ చేతిలో రింగులున్నాయి. మన హాల్లో రింగులన్నీ ట్రైనర్ చేతిలో ఉంటాయి, మనం కర్రలం. కర్ర ఎంత దూరముంటే అంత క్షేమం.

ట్రైనర్ వేసే రింగు పేరు ప్రశ్న. "ఎవరైనా చెప్తారా?" అని హాలంతా కలియజూసి, చూపు ఒకరి మీద ఆపుతారు. బడిపిల్లవాడు తప్పు చెబితే పక్కపిల్లలు నవ్వుతారు, గంట కొట్టేసరికి మర్చిపోతారు. ఇరవై ఏళ్ళుగా సెక్షన్ నడుపుతున్న ఫోర్‌మన్ తప్పు చెబితే, వెనకే కూర్చున్న అతని హెల్పర్లు నవ్వరు. నవ్వకుండా గుర్తు పెట్టుకుంటారు. సోమవారం పొద్దున "ఆ జాబ్ ముందు తీయండ్రా" అన్నప్పుడు ఒక క్షణం ఆలస్యంగా కదులుతారు. ఆ ఒక్క క్షణం ఎంత ఖరీదైనదో ఫోర్‌మన్‌కే తెలుసు. వెనక కుర్చీ అతను కట్టుకునే బీమా ప్రీమియం.

అమెరికాలో మాల్కమ్ నోల్స్ అనే ఆయన పెద్దలు నేర్చుకునే తీరు మీదే జీవితమంతా పనిచేశాడు. 1973లో రాసిన పుస్తకంలో పెద్ద విద్యార్థిని జనం పట్టించుకోని జీవజాతిగా వర్ణించాడు. పెద్దవాడికి ఇదెందుకో ముందు తెలియాలి, తన అనుభవానికి లెక్క ఉండాలి, రేపటి పనికి పనికొచ్చేదై ఉండాలి, తనను చిన్నపిల్లాడిని చేయకూడదు: ఇవీ ఆయన చెప్పినవి. కుర్చీల గురించి కూడా చెప్పాడు. వరసలుగా కుర్చీలు, ఎదురుగా ఒక ఉపన్యాస బల్ల, పెద్దలు నేర్చుకోవడానికి ఇంతకన్నా చేటైన ఏర్పాటు లేదన్నది ఆయన అభిప్రాయం. నోల్స్ పేరు మన ట్రైనర్ గారి నాలుగో స్లయిడ్‌లో ఉంది. వరస కుర్చీల్లో కూర్చోబెట్టి చూపించారు.

స్లయిడ్ల ప్రసక్తి వచ్చింది గనక ఒక మాట. చదివింది పది శాతం గుర్తుంటుంది, విన్నది ఇరవై, చేసింది తొంభై అని ఒక పిరమిడ్ బొమ్మ ప్రతి ట్రైనింగ్‌లో వస్తుంది, కింద ఎడ్గర్ డేల్ పేరుంటుంది. డేల్ 1946లో అనుభవాల శంకువును గీసిన మాట నిజమే. అందులో శాతాలు లేవు. అంకెలు తర్వాత ఎవరో అతికించారు. ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తూ ఈ గ్రంథంలో శాతాలు ఏవీ ఇవ్వడం లేదు. కావలసినవాళ్ళు ఎవరి ఖాళీకి తగ్గ అంకె వాళ్ళు రాసుకోవచ్చు. శ్రోతలకు అసలు పనికొచ్చే అంకెలు స్లయిడ్ కింద మూలన ఉంటాయి: 11/86. లవం పెరుగుతూ పోతుంది, హారం మాత్రం కరగదు. నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోకుండా నేరుగా వచ్చినవాళ్ళకు ఆ భిన్నం చూస్తూనే కన్ను మూతపడింది. దీన్ని అశ్రద్ధ కింద రాయకూడదు. రాత్రంతా మెషీన్ ముందు మెలకువగా ఉన్నవాడిని పగలు చీకటి గదిలో, కూలర్ ముందు, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి మేలుకోమనడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

భోజనాల తర్వాత గ్రైండింగ్ వీల్ అధ్యాయం వచ్చింది. స్టేజీ పక్కన ఒక బల్ల మీద హెల్మెట్లు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, రెండు మూడు పాత గ్రైండింగ్ వీళ్ళు ప్రదర్శనకు పెట్టారు. స్లయిడ్‌లో ఇంగ్లీషులో ఉన్నదాన్ని ట్రైనర్ హిందీలో చదివారు: వీల్ బిగించే ముందు రింగ్ టెస్ట్ చేయాలి, చప్పుడు బాగుంటేనే వాడాలి. వెనక నుంచి ఒక హెల్పర్ కుర్రాడు, "ఎట్ల మోగాలె సార్?" అన్నాడు. ట్రైనర్ తర్వాతి స్లయిడ్ చూశారు. అందులో లేదు.

స్తంభం వెనక కుర్చీ కిర్రుమంది. మిస్త్రీ లేచి వచ్చి, బల్ల మీది వీల్ ఒకటి తీసి, దుమ్ము తుడిచి, నడిమి రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీశాడు. రెండో చేత్తో జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, దాని పిడితో అంచుకు కాస్త లోపల, నిట్టనిలువు గీతకు ఇటు పక్కగా ఒకసారి, అటు పక్కగా ఒకసారి మెల్లగా తట్టాడు. గణగణ మోగింది. ఇంకో వీల్ తీసి తట్టాడు. టపటపమంది.

"జర దగ్గరికి రార్రి. ఆడ కూసుంటె ఇనవడది."

ఒకరిద్దరు లేచారు. ఆపైన అందరూ లేచారు. ముందు వరస కుర్చీలు అడ్డమొచ్చి పక్కకు లాగేశారు.

"ఇది మోగుతున్నది. ఇది సూడు, దీని గొంతు వోయింది. యాడనో బీట ఉన్నది, మన కండ్లకు ఆనది. కుండ కొనేటప్పుడు ఏం జేస్తం? ఏలుతోని కొట్టి సూస్తమా లేదా? గిదీ గంతే."

"కాకా, నాకియ్యి," అన్నాడు కుర్రాడు. తట్టాడు, వీల్‌ను గుప్పిట పట్టుకుని తట్టడంతో మంచిది కూడా చచ్చు చప్పుడు చేసింది. మిస్త్రీ నవ్వలేదు. వాడి వేళ్ళు విడదీసి ఒక్క వేలికి తగిలించాడు. ఈసారి మోగింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడికి తెలుగూ హిందీ రెండూ అంతంతే. మోతకు భాషతో పనిలేదు గనక వాడికి అందరికన్నా ముందే అర్థమైంది. ఒకాయన కటింగ్ వీల్ తెచ్చి అది మోగదేమన్నాడు. రెజిన్‌తో చేసింది అంత మోగదని, ఈ పరీక్ష సిరామిక్ బాండు ఉన్న విట్రిఫైడ్ వీళ్ళకే బాగా పనికొస్తుందని మిస్త్రీ చెప్పాడు. ఎవరూ అడగకుండానే మిగతాదీ చెప్పాడు: మిషన్ ఆర్పీఎం వీల్ మీద రాసినదానికి మించొద్దు. ఫ్లాంజికీ వీల్‌కూ మధ్య పేపర్ వాషర్ పెట్టాలె. "ఎక్కించినంక గార్డు మూసి ఒక నిమిషం ఉట్టిగ తిరగనియ్యి. ఎదురుంగ నిలవడకు. పక్కకు నిలవడు."

ఇక్కడ సిద్ధాంతం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి 1945 దాకా, అమెరికా ఫ్యాక్టరీల్లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం నడిచింది. పాత పనివాళ్ళు సైన్యంలోకి పోతే కొత్తవాళ్ళకు త్వరగా పని నేర్పాలి. పదహారు వేలకు పైగా ఫ్యాక్టరీల్లో పదహారు లక్షల మందికి పైగా శిక్షణ పొందారు. పని ఎలా నేర్పాలో నేర్పే పాఠం మొత్తం పది గంటలే: రెండేసి గంటల చొప్పున అయిదు పూటలు, పూటకు పది మంది. మొదటి పూట శిక్షకుడు కరెంటు వైరుకు వేసే ఒక ముడి నేర్పుతాడు. బల్బు హోల్డరు బరువు స్క్రూల మీద పడకుండా లోపల వేసే ముడి. ముందు నోటితో మాత్రమే చెబుతాడు, ఎవరికీ రాదు. తర్వాత మాట్లాడకుండా చేసి చూపిస్తాడు, అప్పుడూ రాదు. చివరికి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చేసి చూపిస్తూ చెప్పి, వాడి చేత చేయించి, చేస్తూ వాడి నోటితోనే చెప్పించేసరికి వస్తుంది. శిక్షకుల జేబులో పెట్టుకునే కార్డు ఒకటి ఉండేది. అందులో మొదటి మెట్టులో ఉన్నవి: బెరుకు తీయి, వాడికి ఇప్పటికే ఏమొచ్చో కనుక్కో, ఆసక్తి పుట్టించు, సరైన చోట నిలబెట్టు. ఇంత పెద్ద యుద్ధం మధ్యలో, నాలుగు మాటలు పట్టే కార్డు మీద, ఎక్కడ నిలబడాలన్న దానికి ఒక మాట కేటాయించారు. ఎదురుగా నిలబడితే చేతులు తిరగబడి కనిపిస్తాయి, కుడి ఎడమవుతుంది. అందుకే పక్కన. ఆ కార్యక్రమం యుద్ధం తర్వాత జపాన్ చేరి టయోటాలో స్థిరపడింది. మన మిస్త్రీకి ఆ సంగతులేవీ తెలియవు. ఉప్పల్ థియోడలైట్ చుట్టూ నిలబడేవాళ్ళకూ తెలియాల్సిన పనిలేదు. పని మధ్యలో పెడితే జనం దాని చుట్టూ చేరతారు. చుట్టూ చేరినప్పుడు వెనక వరస అనేది ఏర్పడడానికి చోటుండదు. వెనక కుర్చీని పుట్టించేది స్టేజీ.

సిద్ధాంతం తేలింది గానీ శాస్త్రం ఇంకా ఆగదు, కాగితాలు మిగిలున్నాయి. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేసి, భద్రతలో శిక్షణ పొందడం కార్మికుడి హక్కని 111-ఏ సెక్షన్‌లో చేర్చారు. హక్కు దక్కిందనడానికి రుజువు కావాలి. రుజువంటే అటెండెన్స్ షీటు, ఫోటో. ఫోటోగ్రాఫర్ వచ్చినప్పుడు మాత్రం ముందు వరస రెప్పపాటులో నిండింది. బ్యానర్ కింద కూర్చోవడానికి ప్లగ్గుపీఠస్థులు ఛార్జర్లు కూడా వదిలేసి వచ్చారు. ఆడిటర్ చూసేది ఆ ఫోటోనే. అందువల్ల ఈ దేశంలో ముందు వరస ఖాళీగా ఉంటుందన్న ఆరోపణకు రికార్డుల్లో ఆధారం దొరకదు.

ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో ట్రైనింగ్‌ను నాలుగు మెట్లలో తూచమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం కనిపించిందా. మనవాళ్ళు మొదటి మెట్టు మీద చాప పరిచి పడుకున్నారు. ఫారంలో భోజనం ఎలా ఉంది, హాలు ఎలా ఉంది, ట్రైనర్ ఎలా మాట్లాడారు అని ఉంటుంది. నెల తర్వాత గ్రైండింగ్ సెక్షన్‌కు పోయి, వీల్ మార్చేటప్పుడు తట్టి చూస్తున్నారా, మొదలెట్టేటప్పుడు పక్కన నిలబడుతున్నారా అని చూస్తే మూడో మెట్టు అక్కడే దొరుకుతుంది, ఖర్చు లేకుండా. దానికి ఫారం లేదు.

కుర్చీలు లేకుండా, షాప్‌ఫ్లోర్ మీద, పది మంది చొప్పున, మిస్త్రీ చేతే తదుపరి ట్రైనింగ్ పెడితే బాగుంటుందని ఒక సూపర్‌వైజర్ హెచ్‌ఆర్ మేడమ్ దగ్గర అన్నాడు. ఆవిడ మంచి మనిషి, కాదనలేదు. కానీ ఫార్మాట్‌లో 'వేదిక', 'సీటింగ్ కెపాసిటీ', 'ట్రైనర్ విద్యార్హత' అని మూడు గళ్ళున్నాయి. మొదటి రెండూ ఎలాగో నింపొచ్చు. మూడో దానికి మిస్త్రీ ఎనిమిదో తరగతి అడ్డొచ్చింది. కాబట్టి ఆ రోజు గ్రైండింగ్ అధ్యాయానికి శిక్షకుడిగా స్లయిడ్లు తెచ్చిన ఆయన పేరే ఎక్కింది. శిక్షణ పొందినవాళ్ళ జాబితాలో ఆఖరి సంతకం మిస్త్రీది. గ్రైండింగ్ వీళ్ళ భద్రతలో ఆయనకూ సర్టిఫికెట్ ఇచ్చారు, లామినేషన్ చేయించి మరీ.